కంటి ముందు ఈగ: పంతొమ్మిదో రోజున దొరికిన రెటీనా చిరుగు

ఆవిడ వయసు 56. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తారు, రోజంతా కంప్యూటర్ ముందే పని. కుడి కంటికి మైనస్ 6.5, ఎడమ కంటికి మైనస్ 5.5 పవర్. బీపీకి మాత్ర వేసుకుంటారు. షుగర్ లేదు. కంటికి అంతకుముందు ఆపరేషన్ జరగలేదు, దెబ్బ తగల్లేదు. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. కంటికి సంబంధించినవి మాత్రం కేస్ షీట్‌లో ఉన్నట్టే రాశాను.

కుర్చీలో కూర్చుంటూనే ఆవిడ అన్న మాట: "డాక్టర్ గారూ, మూడు రోజుల్నుంచి కంటి ముందు ఒక ఈగ తిరుగుతోంది. రెండుసార్లు చేత్తో తోలాను కూడా."

ఈగ, దోమ, వెంట్రుక, సాలెగూడు, మసి. ఈ పోలికలు మాకు రోజూ వినబడేవే. వైద్య పుస్తకాల్లో ఈ లక్షణానికి ఉన్న పాత లాటిన్ పేరుకి అర్థం కూడా 'ఎగిరే ఈగలు' అనే. పోలిక వినగానే "ఆ, ఫ్లోటర్స్" అని రాసేసి తర్వాతి పేషెంట్‌ను పిలవడం చాలా సులువు. చాలాసార్లు అది తప్పు కూడా కాదు. ఈ కేసులో మొదటి రోజు నేను అంత తొందరపడలేదు. అడగాల్సినవి అడిగాను, చూడాల్సినవి చూశాను. అయినా ఒకచోట తప్పు చేశాను. ఇది రాయడానికి కారణం ఆ తప్పే.

అడిగినవి

ముందుగా ఏ కన్ను అని అడిగాను. "రెండూ" అన్నారు. ఎడమ కన్ను మూయించి తెల్ల గోడ వైపు చూడమన్నాను. ఈగ ఉంది. కుడి కన్ను మూయిస్తే లేదు. రెండు కళ్లూ తెరుచుకుని చూసే మనిషికి మచ్చ ఏ కంటిదో తెలియదు, ఒక్కో కన్ను మూసి చూడాలన్న ఆలోచన చాలామందికి రాదు. ఈ ప్రశ్న మామూలుగా కనిపిస్తుంది గానీ చాలా దారులు ఇక్కడే విడిపోతాయి. ఒక కంటికే పరిమితమైతే సమస్య ఆ కంటిలోనో, దానికి రక్తం తెచ్చే నాళంలోనో, దాని వెనక నరంలోనో ఉంటుంది. రెండు కళ్లలోనూ ఒకే పక్కన ఒకేసారి మచ్చ వస్తే కంటిని వదిలి మెదడు గురించి ఆలోచించాలి.

తర్వాత, అది కదులుతుందా? "అటు చూస్తే అటు పోతుంది. కన్ను ఆపితే అది కాస్త జారి ఆగుతుంది" అన్నారు. ఆ 'కాస్త జారి' అన్నదే నాకు కావలసింది. కార్నియా మీదో లెన్స్‌లోనో మచ్చ ఉంటే కన్నుతో పాటే కదిలి, కన్నుతో పాటే ఆగిపోతుంది. రెటీనా అంటే కనుగుడ్డు లోపలి గోడ మీద వెలుతురును పట్టే పొర; దాని నడిబొడ్డున మచ్చ ఉంటే ఎటు చూసినా చూపు పెట్టిన చోటే కూర్చుంటుంది. కన్ను ఆగాక కూడా ఊగుతూ, తేలుతూ వెనకబడి వచ్చేది విట్రియస్‌లో ఉన్నదే. విట్రియస్ అంటే కనుగుడ్డు లోపల నిండి ఉండే పారదర్శకమైన జెల్. సుమారు 4 మిల్లీలీటర్లు ఉంటుంది. దాదాపు అంతా నీరే, ఆ నీటిని సన్నటి కొలాజెన్ పోగులూ హయలురోనిక్ ఆమ్లమూ జెల్‌లా పట్టి ఉంచుతాయి.

ఎప్పటి నుంచి అని అడిగితే, "మంగళవారం సాయంత్రం, లెక్కలు సరిచూస్తుంటే" అన్నారు. రోజు, వేళ చెప్పగలిగారంటే అది హఠాత్తుగా వచ్చిందన్నమాట. పాతికేళ్ల వయసు నుంచీ ఆకాశం వైపు చూసినప్పుడల్లా గాజు పోగుల్లా ఏవో తేలుతున్నాయనే వాళ్లను తేదీ అడిగితే చెప్పలేరు. ఆ రెండు రకాల మనుషులకూ నా దగ్గర వేర్వేరు తొందరలుంటాయి.

మెరుపులు వస్తున్నాయా అంటే మొదట లేవన్నారు. రాత్రి లైటు తీసేశాక తల తిప్పినప్పుడు కుడి పక్కన ఏమైనా మెరుస్తోందా అని మార్చి అడిగితే, "అవును! రోడ్డు మీద బండి లైటు అనుకున్నాను" అన్నారు. రెటీనాకు నొప్పి తెలియదు. దాన్ని లాగినా, గిచ్చినా మెదడుకి అది చెప్పగలిగేది ఒక్కటే: వెలుతురు. జెల్ విడిపోతూ రెటీనా అంచుని లాగినప్పుడు చీకట్లో మెరుపు కనిపించేది అందుకే. నొప్పి లేదు కాబట్టి తొందరేమీ లేదనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

చివరగా, చూపులో ఏ మూలనైనా నీడ, తెర దిగినట్టు ఉందా? లేదు.

అదే మాటతో వచ్చే ఇతరులు

'కంట్లో నల్ల మచ్చ' అన్న మాట ఎంత అబద్ధమాడగలదో చెప్పడానికి, అదే ఫిర్యాదుతో నా దగ్గరికి వచ్చిన మరికొందరిని ఇక్కడ గుర్తు చేసుకుంటాను.

38 ఏళ్ల మనిషి. చూపు మధ్యలో నాణెం అంత బూడిదరంగు మచ్చ, ఎటు చూసినా అక్కడే. తలుపు అంచు వంకరగా కనిపిస్తోందన్నాడు. చర్మానికేదో వస్తే నెలన్నరగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్న సంగతి మూడోసారి అడిగితే గానీ చెప్పలేదు. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లో మాక్యులా, అంటే రెటీనా నడిబొడ్డు, కింద నీటి బుడగ కనిపించింది. సెంట్రల్ సీరస్ అంటాం. చాలామందికి మూడు నాలుగు నెలల్లో తనంతట తనే తగ్గుతుంది. స్టెరాయిడ్ రాసిన డాక్టరుతో మాట్లాడి దాన్ని మెల్లగా మాన్పించడమే అతనికి అసలు వైద్యం. గీతలు వంకరగా కనబడటం అరవై దాటిన వాళ్లలో మొదలైతే నేను ఇంత నిదానంగా ఉండను. వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో తడి రకమైతే కంటిలో ఇంజెక్షన్ వారాలు ఆలస్యమైనా చూపు పోతుంది.

62 ఏళ్లాయన, పదిహేడేళ్లుగా షుగర్. మొదట మసిపోగులు, మర్నాటికి పొగ. లోపల రక్తం నిండిపోయి రెటీనా కనబడలేదు, అల్ట్రాసౌండ్ బీ స్కాన్ చేయాల్సి వచ్చింది. షుగర్ వల్ల రెటీనా మీద పుట్టిన పెళుసు రక్తనాళాలు చిట్లాయి. "నిన్నటిదాకా పేపరు బాగా చదివాను డాక్టర్ గారూ" అన్నాడు. నిజమే, చదివి ఉంటాడు. ఈ జబ్బు చూపును చివర్లో గానీ ముట్టుకోదు.

67 ఏళ్ల మరొకాయన ఒక కంటికి షట్టరు దించినట్టు నల్లగా అయిపోయి, ఐదు నిమిషాల్లో మళ్లీ మామూలైందన్నాడు. కన్ను చూస్తే ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అక్కడ టెన్షన్ పెట్టే విషయం. మెడలోని కెరోటిడ్ రక్తనాళం నుంచి చిన్న గడ్డ వచ్చి కంటి నాళాన్ని కాసేపు మూసి వదిలేసి ఉండొచ్చు. అదే గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం. కన్ను బాగుందని ఇంటికి పంపకుండా ఆ రోజే ఎమర్జెన్సీకి పంపాను.

ఇక, కూతురి తెల్లగుడ్డు మీద గోధుమరంగు చుక్క చూసి భయపడి తీసుకొచ్చిన తల్లి. అది చూపులో మచ్చ కాదు, కంటి మీద మచ్చ, పుట్టుమచ్చ లాంటిదే. ఫోటో తీసి పెట్టుకుని ఆరు నెలలకు రమ్మన్నాను. పెద్దవాళ్లలో కొత్తగా వచ్చినా, పెరిగినా, ఉబ్బెత్తుగా అయినా, చుట్టూ రక్తనాళాలు లావైనా అప్పుడు వేరే మాట.

మైగ్రేన్‌లో వచ్చే మెరిసే వంకరటింకర గీతల గురించి ఎక్కువ చెప్పను. రెండు కళ్లలోనూ కనిపిస్తాయి, మెల్లగా పాకుతాయి, ఇరవై ముప్పై నిమిషాల్లో పోతాయి. ఆ తర్వాత తలనొప్పి వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

పరీక్ష

ఈగను తోలిన ఆవిడ దగ్గరికి మళ్లీ వద్దాం. అద్దాలతో రెండు కళ్లూ 6/6, అంటే చూపు మామూలుగా ఉంది. కంటిపాపల స్పందన సరిగ్గా ఉంది. కంటి ప్రెషర్ కుడి 14, ఎడమ 15. లెన్సుల్లో శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, పట్టించుకోనక్కర్లేదు. ఆ రోజు బీపీ 138/86 ఉంది. అందుకని బీపీ పెంచగల ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కల మందు వద్దనుకుని ట్రోపికమైడ్ ఒక్కటే వేయించాను. పాప పెద్దదవడానికి ఇంకో పావుగంట పట్టింది.

స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుతురుతో కన్ను చూసే మైక్రోస్కోప్) దగ్గర నేను ముందు చూసేది రెటీనాని కాదు. లెన్స్ వెనకాల జెల్‌లో గోధుమరంగు రేణువులు తేలుతున్నాయా అని చూస్తాను. వీటిని మేం పొగాకు పొడి అంటాం. రెటీనా చిరిగితే దాని కింది పొర నుంచి రంగు కణాలు ఆ చిరుగులోంచి జెల్‌లోకి వస్తాయి. అవి కనబడితే చిరుగు ఎక్కడో ఉన్నట్టే లెక్క, దొరికేదాకా వెతకాలి. ఆవిడ కంటిలో ఆ రోజు అవి లేవు. రక్తమూ లేదు.

దృష్టినాడి ముందు ఒక ఉంగరం లాంటిది తేలుతోంది. దాన్ని వైస్ రింగ్ అంటాం. ఆవిడ తోలిన ఈగ అదే. వయసుతో జెల్ నీరుగారి కుంచించుకుపోతుంది, ఒక రోజు రెటీనా వెనక భాగం నుంచి ఊడి ముందుకు వస్తుంది. దృష్టినాడి చుట్టూ అతుక్కుని ఉన్న భాగం ఉంగరంలా ఊడి వస్తుంది. దీన్ని పీవీడీ అంటారు. దాని నీడ రెటీనా మీద పడితే ఈగలా కనబడుతుంది. ఎంత దగ్గరగా ఉంటే నీడ అంత నల్లగా, స్పష్టంగా పడుతుంది. మామూలుగా యాభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య చాలామందికి జరిగేదే. మైనస్ పవర్ ఎక్కువున్న వాళ్లకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు, దెబ్బ తగిలినవాళ్లకు ముందే రావచ్చు.

జెల్ అన్నిచోట్లా మర్యాదగా ఊడి వస్తే కథ అక్కడితో సరి. ఎక్కడైనా గట్టిగా అతుక్కుని ఉంటే వస్తూ వస్తూ రెటీనాని కూడా చింపుకుని వస్తుంది. మెరుపులు, కొత్త చుక్కలతో పీవీడీ అయి వచ్చినవాళ్లలో సుమారు ఏడుగురిలో ఒకరికి చిరుగు ఉంటుంది. లోపల రక్తం కూడా ఉంటే ఆ అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్ తలకు పెట్టుకుని, పడుకోబెట్టి, రెప్ప మీంచి డిప్రెసర్‌తో కనుగుడ్డును నొక్కుతూ అంచు చుట్టూ చూడాలి. నొప్పి ఉండదు గానీ ఎవరికీ నచ్చదు. ఆవిడ కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నారు. కుడి కంటిలో పూర్తి చుట్టు చూశాను. చిరుగు కనిపించలేదు. ఎడమ కంటిలో జెల్ ఇంకా ఊడలేదు, కింది అంచున ఒకచోట రెటీనా పలచబడిన పట్టీ ఉంది. లాటిస్ అంటారు. దానిలో చిల్లు లేదు.

అప్పుడు ఆవిడతో నేను అన్న మాటలు గుర్తున్నంతవరకూ ఇవి: "జెల్ విడిపోయిందమ్మా. వయసుతో వచ్చేదే, ఏం పర్లేదు. చుక్కలు ఎక్కువైనా, మెరుపులు ఎక్కువైనా, తెర పడ్డట్టు ఉన్నా వెంటనే రండి. లేకపోతే నాలుగు వారాలకు చూద్దాం." అవే మాటలున్న కాగితం కూడా ఇచ్చాను. చుక్కల మందుతో వెలుతురు ఓర్చుకోలేక కళ్లు చికిలించుకుంటున్న మనిషి చేతిలో కాగితం పెట్టాను. ఆవిడ దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నారు.

పంతొమ్మిదో రోజు

నాలుగు వారాలు కాకుండానే వచ్చారు. పంతొమ్మిదో రోజు. "ఈగతో పాటు నల్ల ఇసుక చల్లినట్టు ఉంది" అన్నారు.

"ఎప్పటి నుంచమ్మా?"

"మూడు రోజులైంది. మీరు ఏం పర్లేదన్నారుగా అని ఊరుకున్నా. ఇవాళ మా అబ్బాయి పోరు పెడితే వచ్చాను."

వెంటనే రమ్మన్నాను కదా అనబోయి ఆగాను. రెండూ నేనే అన్నాను. మొదట 'ఏం పర్లేదు' విన్నారు, ప్రాణం కుదుటపడింది, ఆ తర్వాత నేను చెప్పినవన్నీ గాల్లో కలిసిపోయాయి. భయంతో వచ్చిన మనిషి వెతుక్కునేది ఆ ఒక్క మాట కోసమే. అది దొరికాక మిగతా వాక్యం వినే పని ఉండదు.

చూపు 6/9కి తగ్గింది. స్లిట్ ల్యాంప్‌లో లెన్స్ వెనకాల గోధుమరంగు రేణువులు, కింది భాగంలో కొద్దిగా రక్తం. ఇక ఉందా లేదా అన్న ప్రశ్న లేదు, ఎక్కడ అన్నదే. డిప్రెసర్‌తో నొక్కుతూ పైన బయటి పక్కకు వెళ్లేసరికి, గడియారం లెక్కలో పదిన్నర దగ్గర, గుర్రపు నాడా ఆకారంలో చిరుగు. చిరుగులు ఎక్కువగా వచ్చేది ఆ పై బయటి భాగంలోనే. చిరిగిన రెక్కను జెల్ ఇంకా పట్టి లాగుతూనే ఉంది. చిరుగు చుట్టూ సన్నటి అంచుగా నీరు చేరడం మొదలైంది, దృష్టినాడి వెడల్పు కంటే తక్కువ దూరమే. ఆ నీరు పాకితే రెటీనా గోడ నుంచి కాగితంలా లేచిపోతుంది. లక్షణాలతో ఉన్న ఇలాంటి చిరుగును వదిలేస్తే సగం మందిలోనైనా అలా ఊడిపోతుంది. పైభాగంలో చిరుగు కాబట్టి నీరు కిందికి, మాక్యులా వైపు దిగడానికి ఎక్కువ సమయం పట్టదు. ఆ తెర మాక్యులాను దాటితే ఆపరేషన్ చేసి అతికించినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు.

ఆవిడకు ఇంకా తెర కనబడలేదు. పై బయటి చిరుగుకి నీడ చూపులో కింద, ముక్కు వైపున పడుతుంది. నీరు అంచుదాకా మాత్రమే ఉండటంతో అది తెలియలేదు. తెర కోసం ఎదురు చూసి ఉంటే లేజర్‌తో అయ్యేది కాదు.

ఇక్కడ చిన్న మాట. రెటీనా ఊడటానికి చిరుగే కారణమనీ, దాన్ని వెతికి మూస్తేనే అతుక్కుంటుందనీ స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జూల్ గోనెన్ అనే డాక్టరు 1920లలో పట్టుబట్టి నిరూపించేదాకా, ఊడిన రెటీనా అంటే దాదాపు పోయిన కన్నే. చిరుగు అసలు కారణం కాదని అప్పటి పెద్దలు చాలామంది అనుకునేవారు. మా పనంతా ఇప్పటికీ ఆయన చెప్పిన రెండు ముక్కలే: వెతుకు, మూయి. పనిముట్లు మాత్రం మారాయి.

అరగంటలో లేజర్ మొదలుపెట్టాను. మత్తు చుక్కలు మాత్రమే, ఇంజెక్షన్ లేదు. చిరుగు చుట్టూ మూడు నాలుగు వరసలు, నీటి అంచుకి బయట, ముందు వైపు రెటీనా చివరిదాకా. ముందు వైపు సరిగ్గా వేయకపోవడమే లేజర్ విఫలమవడానికి ఎక్కువగా కారణమయ్యేది. అక్కడికి చేరడం కష్టం, కన్ను నొక్కుతూ వేయాలి, పేషెంటూ అలసిపోయి ఉంటారు, మనకూ చాల్లే అనిపిస్తుంది. సరిగ్గా ఆ 'చాల్లే' దగ్గర నీరు దారి చేసుకుంటుంది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. రెండుసార్లు ఆపి కాస్త ఊపిరి పీల్చుకోమన్నాను.

"అతికిపోయిందా?" అని అడిగారు లేస్తూనే. ఇంకా లేదు. లేజర్ వేసిన చోట మచ్చ గట్టిపడి రెటీనాని పట్టుకోవడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఈ లోపల నీరు పాకితే మళ్లీ వేయాలి, లేదా ఆపరేషన్ గదికి వెళ్లాలి. ఈసారి 'ఏం పర్లేదు' అనలేదు. మూడో రోజు, వారానికి, నాలుగు వారాలకు, మూడు నెలలకు చూశాను. నీరు పాకలేదు. వరసలు నల్లగా, గట్టిగా మచ్చకట్టాయి. చూపు 6/6కి వచ్చింది.

మొదటి రోజే ఉందా?

ఈ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను, మా మీటింగ్‌లో కేసు పెట్టినప్పుడు జూనియర్లూ వేశారు. మొదటి రోజు గీసిన రెటీనా బొమ్మ తీసి చూశాను. ఇండైరెక్ట్‌లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు కాగితాన్ని కూడా తలకిందులు చేసి గీస్తారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఇప్పటికీ అలాగే గీస్తాను. పదిన్నర దగ్గర ఏమీ లేదని ఉంది. రంగు కణాలు లేవని రాసి ఉంది. ఈ రెండోదానికే నేను ఎక్కువ విలువిస్తాను. అయినా ఒట్టు పెట్టి చెప్పలేను. అంచున రెండు మిల్లీమీటర్ల చోటు మీద వెలుతురు సరిగ్గా పడకపోయి ఉండొచ్చు.

కొత్తగా వచ్చిందనుకోవడానికి ఆధారం కూడా ఉంది. పీవీడీ ఒక్క రోజులో జరిగే పని కాదు. వెనక ఊడిన జెల్ ఆ తర్వాత వారాల్లో ముందుకు ఊడుతూ పోతుంది, ఎక్కడ అతుకు గట్టిగా ఉంటే అక్కడ లాగుతుంది. మొదటిసారి చిరుగు లేదని తేలినవాళ్లలో 100 మందికి సుమారు ఇద్దరికి ఆ తర్వాతి వారాల్లో చిరుగు బయటపడుతుంది. అలా తేలినవాళ్లలో చాలామందికి అప్పటికే రక్తమో రంగు కణాలో ఉంటాయి, లేదా కొత్త లక్షణాలు వచ్చి ఉంటాయి. ఆవిడకు పదహారో రోజున కొత్త లక్షణం వచ్చింది. శరీరం చెప్పాల్సింది చెప్పింది, వినాల్సిన చెవిని నేనే మూశాను.

మీటింగ్‌లో ఒక జూనియర్ "సార్, పేషెంట్ మాట వినలేదు" అని రాసుకుంటుంటే ఆ వాక్యం కొట్టేయించాను.

ఎడమ కన్ను, మిగిలిన ఈగ

ఎడమ కంటిలో ఉన్న లాటిస్ గురించి ఆవిడే అడిగారు: "దానికి కూడా లేజర్ వేసేయండి, ఓ పనైపోతుంది." ఇందులో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. లాటిస్ నూటికి ఆరుగురు ఎనిమిది మందిలో ఉంటుంది, వాళ్లలో చాలా కొద్దిమందికే రెటీనా ఊడుతుంది. పైగా పీవీడీ అయినప్పుడు చిరుగు లాటిస్ లేని చోట, మామూలుగా కనబడే రెటీనాలో కూడా రావచ్చు. ఆవిడ కుడి కంటిలో జరిగింది అదే. కనబడే పట్టీకి లేజర్ వేసి కనబడని చోటుని కాపాడలేం. ఒక కంటిలో చిరుగు వచ్చింది కాబట్టి రెండోదానికి వేసే డాక్టర్లు ఉన్నారు, వాళ్లది తప్పనను. నేను వేయలేదు. బదులుగా, ఎడమ కంటిలో కూడా ఏడాది రెండేళ్లలో జెల్ ఊడే అవకాశం ఉందని, అప్పుడేం చేయాలో చెప్పాను.

చూపు వచ్చింది, రెటీనా నిలిచింది, ఆవిడకు మాత్రం సంతోషం లేదు. ఈగ అలాగే ఉంది. తెల్లటి స్ప్రెడ్‌షీట్ మీద అంకెల మధ్య సున్నాలా వచ్చి కూర్చుంటోందట. చుక్కల మందుతో, మాత్రతో, కంటి వ్యాయామంతో అది కరగదు. విట్రెక్టమీ చేసి జెల్ మొత్తం తీసేయొచ్చు, కానీ ఆ వయసులో ఆ ఆపరేషన్ తర్వాత శుక్లం త్వరగా ముదురుతుంది, కొత్త చిరుగుల భయమూ ఉంటుంది. 6/6 చూసే కంటికి నేను దాన్ని సలహా ఇవ్వలేదు. యాగ్ లేజర్‌తో ముక్కలు చేసే పద్ధతి ఉంది, అందరికీ ఒకేలా పనిచేయదు. కంప్యూటర్ తెరను నల్ల నేపథ్యానికి మార్చుకోమన్నాను, వెలుగు తగ్గించమన్నాను, ఆరు నెలలు ఆగమన్నాను. కాలం గడిచేకొద్దీ ఉంగరం రెటీనాకు దూరంగా జారుతుంది, నీడ పలచబడుతుంది, మెదడు కూడా పట్టించుకోవడం మానేస్తుంది. ఐదో నెలలో అడిగితే, "ఉందండీ, వెతికితే కనిపిస్తుంది" అన్నారు.

మార్చుకున్నవి

ఆ కేసు తర్వాత పీవీడీ పేషెంట్లతో 'ఏం పర్లేదు' అనడం మానేశాను. "ఇవాళ్టికి చిరుగు లేదు" అంటాను. వినడానికి కాస్త కటువుగా ఉంటుంది. కొందరు ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఒకాయన "అంటే రేపుంటుందా?" అని కోప్పడ్డాడు. రేపు ఉండొచ్చనే నేను చెప్పేది, ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి రావడమే నాకు కావాలి.

రెండోది, చుక్కల మందు వేయకముందే, కళ్లు బాగున్నప్పుడే, ఏ లక్షణాలొస్తే రావాలో చెబుతాను. పరీక్ష అయ్యాక వాళ్లనే తిరిగి నాకు చెప్పమంటాను. కొత్త చుక్కలు, ఎక్కువైన మెరుపులు, తెర. పక్కన వచ్చిన మనిషిని కూడా వినమంటాను. కాగితం వాళ్ల చేతికిస్తాను. 'వెంటనే' అనే మాట కూడా వాడను, ఎందుకంటే ఒక్కొక్కరి వెంటనే ఒక్కోలా ఉంటుంది. ఈవిడది మూడు రోజులు. "అదే రోజు, ఆదివారమైనా" అంటాను. పొద్దున లేవగానే ఒక్కో కన్ను మూసి ఎదురుగా ఉన్న గోడని చూడమంటాను, ఆరు వారాల పాటు. పళ్లు తోముకునే లోపల అయిపోతుంది.

పద్నాలుగు నెలల తర్వాత ఒక రోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేశారు.

"డాక్టర్ గారూ, ఎడమ కన్ను. రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. ఒకటే ఈగ, ఇసుక లేదు. పక్కన మెరుపు ఉంది. తెర లేదు, గోడ మీద చూసుకున్నా. బయల్దేరాను."

వచ్చారు. చూపు 6/6, రంగు కణాలు లేవు, రక్తం లేదు, ఎదురుగా వైస్ రింగ్. డిప్రెసర్‌తో చుట్టూ రెండుసార్లు చూశాను, లాటిస్ అంచుల్ని మూడుసార్లు. లైటు తీసి, "చిరుగు లేదమ్మా" అన్నాను.

"ఇవాళ్టికా?" అన్నారు.

"ఇవాళ్టికి."

రెండు వారాలకు, ఆరు వారాలకు మళ్లీ చూశాను. కుడి కంటి లేజర్ మచ్చలు స్థిరంగా ఉన్నాయి. ఎడమ కంటిలో చిరుగు లేదు. తర్వాతి పరీక్ష ఆరు నెలలకు రాశాను.